సువార్త నిలబడే చోటు

మార్త చేతిసంచిలోంచి నీలం చున్నీ అంచు కాస్త బయటికి కనిపించింది. అది ఎవరిదో ఎవరూ చెప్పకుండానే డోరాకు తెలిసిపోయింది.

బొల్లారం స్టేషన్‌లో లోకల్ రైలు దిగి అయిదుగురూ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. ఈస్టర్ మర్నాడు, సోమవారం. ఆ రోజు సంఘమంతా వ్యాన్లెక్కి ఊరిబయట ఏదో రిసార్టుకు పోతుంది. బిర్యానీ, కుర్చీలాట, మైకులో పాటలు. దేవానందం ఇంటివాళ్ళు మాత్రం నడుస్తారు. తిరిగి లేచిన ప్రభువు ఎమ్మాయు దారిలో నడిచిపోతున్న ఇద్దరు శిష్యులతో కలిశాడు గనక, ఆ రోజు ఇద్దరిద్దరుగా నడవాలి, మాట్లాడుకుంటూ నడవాలి, చివర రొట్టె విరిచి తినాలి. పెద్ద కష్టమైన నడకేం కాదు. కంటోన్మెంట్ రోడ్డు మీద నిద్రగన్నేరు చెట్ల నీడలో మొదలై, మిషన్‌వాళ్ళ పాత తోటలో చింతచెట్ల దగ్గర ముగుస్తుంది. పసిపిల్లలు కూడా నడవగలరు.

ఆ దారి కనిపెట్టింది సువార్త. దేవానందం మొదటి భార్య, షెకీనా తల్లి, మార్త చెల్లెలు. ఆమె పోయి మూడేళ్ళయింది. డోరా అతన్ని చేసుకుని ఆ ఇంటికి వచ్చి ఆర్నెల్లు. ఇది ఆమెకు మొదటి ఎమ్మాయు.

"జోడీలు కట్టుండ్రి!" అని ఎరిక్ చప్పట్లు కొట్టాడు. ఎరిక్ మార్త భర్త, దేవానందానికి తోడల్లుడు. "షెకీనా, నువ్వు పెద్దమ్మతోని. తమ్మీ, నువ్వు డోరమ్మతోని. ఇగ నాకు జోడీ ఈ గుడ్లడబ్బా. దీంతోనే ముచ్చట పెట్టుకుంట పోత."

"పెట్టుకోండి. పెళ్ళైనప్పట్నుంచి నాతో ఏం మాట్లాడారు గనక," అంది మార్త.

"నువ్వు సందిస్తే కద టీచరమ్మా!"

అందరూ నవ్వారు. డోరా కూడా నవ్వింది, ఒక క్షణం ఆలస్యంగా. ఆ ఆలస్యం ఎవరూ గమనించలేదని ఆమెకు తెలుసు. కానీ తను మాత్రం గమనించుకుంది. ఆర్నెల్లుగా ఆమెకు అదే పని.

మార్తను "అక్కా" అని పిలవమన్నారు పెళ్ళిలోనే. మర్యాదకే అన్నారు. కానీ ఆ మాటలోని లెక్క డోరాకు ఆ రాత్రే తట్టింది. మార్త తనకు ఎలా అక్క అవుతుంది? సువార్త నిలబడిన చోట నిలబడి చూస్తే అవుతుంది. అంటే ఆ ఇంట్లో వరసలన్నీ అప్పటికే కట్టి ఉన్నాయి. తనకు కొత్తగా ఏ వరసా పుట్టలేదు. ఇంకొకరు వదిలిపోయిన చెప్పుల్లో కాళ్ళు పెట్టి, బాగానే సరిపోయాయి అనాలి. షెకీనాకు పదేళ్ళు. ఆ పిల్ల ఒక్కతే ఈ వరసల జోలికి పోలేదు. డోరాను ఇంతవరకూ ఏమనీ పిలవలేదు. ఏదైనా కావాలంటే దగ్గరికి వచ్చి చిన్నగా దగ్గేది. పిలుపు బదులు ఆ దగ్గు.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది ఆ పేరు. పోయిన మనిషికి రూతనో లిల్లీ అనో పేరుండి ఉంటే ఎంత బాగుండేది! ఏ గుళ్ళోకి పోయినా సువార్తే. పెళ్ళినాడు పాస్టర్‌గారు తల మీద చెయ్యిపెట్టి "మీ ఇంట్లో సువార్త ఎల్లప్పుడూ నిలిచి ఉండాలి" అని దీవించారు. పెద్దాయన మనసులో దేవుని మాట తప్ప ఇంకేమీ లేదు. కానీ ఆడవాళ్ళ వరసలో ఎవరో ముక్కు చీదినట్టు వినిపించింది. అది నవ్వో ఏడుపో డోరాకు ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత ఊరంతా ఆ పేరే. సీతాఫల్‌మండిలో పుట్టింటికి పోయే దారిలో గోడల మీద, "సువార్త మహాసభలు, అందరూ ఆహ్వానితులే". చిలకలగూడ చౌరస్తాలో ఆటో వెనక, "సువార్త ప్రకటించుడి". అసూయకు కళ్ళుండవంటారుగానీ చెవులుంటాయి. అవి నిద్రలో కూడా తెరిచే ఉంటాయి.

మరి దేవానందం? అతను ఆ మాట అనడమే మానేశాడు. మనిషి పేరు సంగతి సరే. మామూలు మాటగా కూడా అనడు. "ఆదివారం శుభవార్త కూటాలున్నయి, పోయొస్త" అంటాడు. పుట్టినప్పట్నుంచీ ఈ సంఘంలోనే పెరిగినవాడు, నోట్లో ఆడే మాట వదిలేసి, ఎవరో పరాయి ఫాదర్‌లాగా శుభవార్త అంటాడు. విన్నప్పుడల్లా డోరాకు గుండెలో సూది దిగేది. ఆ మాటను ఒక్క మనిషి కోసమే దాచుకున్నాడు, దేవుడికి కూడా ఇవ్వడం లేదు అనుకునేది.

నడక మొదలైంది. రోడ్డుకు రెండువైపులా నిద్రగన్నేర్లు పైన కొమ్మలు కలుపుకుని నిలబడి ఉన్నాయి. మొదళ్ళు ఏనుగు కాళ్ళలా ఉన్నాయి. ఎండ వాటిని దాటుకుని వచ్చేసరికి చిల్లరచిల్లరగా మారి దారి మీద పడుతోంది. ముందు మార్త, షెకీనా. ఆ వెనక గుడ్లడబ్బాతో ఎరిక్. అందరికంటే వెనక వీళ్ళిద్దరు.

దేవానందం తలెత్తి చెట్లను చూస్తూ నడుస్తున్నాడు. రైల్వే ఆఫీసులో ఫైళ్ళ మధ్య ఉండే మనిషి. ఇక్కడ మాత్రం ముఖం తేటపడింది. ఆ తేట తనవల్ల వచ్చింది కాదని డోరాకు అనిపించింది.

"ఏమాలోచిస్తున్నరు?" అని అడిగింది.

"ఏం లేదు. ఎండ ఎక్కుతదేమో అని."

రెండు చెట్లు దాటారు.

"ఈ చెట్లు రాత్రి ఆకులు ముడుచుకుంటయి," అన్నాడు అతనే. "వాన పడ్డా ముడుచుకుంటయి. కింద గడ్డి మీద వాన పడాలని."

"మీకెవరు చెప్పిన్రు?"

అతని నడక కొంచెం తడబడింది. "ఎవరో చెప్పిన్రు."

ఎవరో! ఆ ఎవరోకి పొడుగు జడ ఉంది, ముందుగదిలో ఫోటో ఉంది, చెంప మీద చిన్న గుంట ఉంది. డోరా కంటి ఆసుపత్రిలో కళ్ళజోళ్ళ కౌంటర్లో పనిచేస్తుంది. అక్షరాలు కనపడనివాళ్ళు ఎలా అబద్ధమాడతారో ఆమెకు తెలుసు. బోర్డు చూడకుండా, గుర్తున్నదాన్ని గబగబా చదివేస్తారు. దేవానందం కూడా అంతే, తన వైపు చూడకుండా ఏదో చదివేస్తున్నాడు అనుకుంది.

ఎమ్మాయు దారిలో నడిచేది ఇద్దరే అయినా మూడోవారు వచ్చి పక్కన కలుస్తారని చిన్నప్పటి నుంచీ విన్నదే. సండే స్కూల్లో ఆ కథ చెప్పినప్పుడు ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు తమ ఇద్దరి మధ్య మనిషి పట్టేంత ఎడం ఉంది. ఆ ఎడంలో ఎవరు నడుస్తున్నారో చూడ్డానికి తల తిప్పక్కర్లేదు.

*

తోటలోకి పోగానే గాలి మారింది. చింతచెట్లు. కంటోన్మెంట్ పుట్టకముందు నుంచీ ఉన్నాయంటారు. బెరడు ఎండిన చెరువులా పగుళ్ళుబారి ఉంది. కొన్నిటి కడుపు డొల్ల, అయినా పైన చిగురు. అన్నిటికంటే లావాటి చెట్టును వీళ్ళు పెద్దాయన అంటారు. పెద్దాయన కింద దుప్పటి పరిచి, డబ్బాలు పెట్టి, ఎరిక్ చెట్టును అరచేత్తో తట్టాడు.

"డోరమ్మా, నీకు ఈ ఇంటి రివాజు తెల్వదు గద. ముందుగాల వాక్యం. ఆ తర్వాత అందరం చేతులు పట్టుకుని పెద్దాయన్ని కౌగిలించుకోవాలె. అటెంక రొట్టె. ఈయన చుట్టూ చెయ్యి చెయ్యి కలవాలంటే మేం నలుగురం సాలం. సు..." అని ఆగిపోయాడు. "సు... సుమారు అయిదుగురు పడ్తరు."

మార్త సంచిని కాలితో కొంచెం వెనక్కి జరిపింది. డోరా చూసింది. చున్నీ ఎందుకు తెచ్చారో అప్పుడు అర్థమైంది. మూడేళ్ళుగా దేవానందం చేతికీ షెకీనా చేతికీ మధ్య, సువార్త చోట, ఆ చున్నీ ఉంటూ వచ్చింది. ఇవాళ ఆ చోటు చున్నీదా, తనదా? ఎవరో ఒకరు తేల్చేదాకా తను ఇలా దుప్పటి అంచు మీద కూర్చోవాలి. మార్త ఆ చున్నీ తీస్తే లేచి స్టేషన్‌కు వెళ్ళిపోవాలని నిశ్చయించుకుంది. ఎవరికీ చెప్పకుండా, గొడవ పడకుండా, నీళ్ళసీసా కోసం లేచినట్టు లేచి.

"షెకీనా, నువ్వు చదువు," అంది మార్త.

షెకీనా నిలబడి పుస్తకం తెరిచింది. చదవబోయే భాగం ఎక్కడిదో ముందు చెప్పాలి. ఆ పిల్ల పేజీ వంక చూసింది, తండ్రి వంక చూసింది.

"...శుభవార్త. ఇరవై నాలుగో అధ్యాయం."

ఎరిక్ ఫక్కున నవ్వాడు. "అరే, మనం ఎప్పుడు క్యాథలిక్స్ అయినం తమ్మీ? నాకు చెప్పనే లేదు!"

"శుభవార్త ఏమిటే?" అంది మార్త, క్లాసులో పిల్లల్ని దిద్దే గొంతుతో. "అక్కడ ఏం అచ్చేసి ఉంది? ఉన్నది చదువు."

"డాడీ ఇట్లనే అనమన్నడు."

"ఎందుకూ?"

షెకీనా బూటు మొనతో రాలిన చింతాకును తవ్వింది. దేవానందం "షెకీనా, నువ్వు చదువమ్మా" అన్నాడు గబుక్కున. అదే తప్పయిపోయింది. పిల్ల గొంతు ఒక్కసారి పైకి లేచింది.

"ఇంట్ల ఆ మాట అనొద్దంట. ఈమెకు మంచిగనిపియ్యదంట. మమ్మీ పేరు అననే అనను పెద్దమ్మా, ప్రామిస్. పుస్తకంల ఉన్నది సుత అనొద్దంటే ఎట్ల?"

పైన చిలకలు అరుస్తున్నాయి. ఎరిక్ గుడ్లడబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

డోరా భర్త ముఖంలోకి చూసింది. అతను చెట్టు మొదలును చూస్తున్నాడు. "క్యాలెండర్..." అన్నాడు మెల్లగా. "నువ్వు వచ్చిన కొత్తల క్యాలెండర్ తిప్పిపెట్టినవు గద. పేరున్న దిక్కు గోడకు. నీకు తక్లీఫ్ అయితుందని... నేనే పిల్లకు చెప్పిన."

క్యాలెండర్. అవును. ఏదో సువార్త పరిచర్యవాళ్ళు పంచిన క్యాలెండర్, వంటింటి తలుపు పక్కన. పాలవాడి లెక్క రాయడానికి తెల్లకాగితం కావాలని తిప్పింది. కనీసం అప్పుడు తనకు తాను చెప్పుకున్న కారణం అదే. ఎవరూ చూడలేదనుకుంది. అతను చూశాడు. చూసి, ఒక్క మాటా అడక్కుండా, నోట్లోంచి ఆ మాటనే తీసేసి పక్కన పెట్టాడు.

కథల్లో అయితే ఇక్కడ మనసు కరగాలి. అతను దాచుకున్నది ప్రేమ కాదు, తన మీద జాలి. ఆ పేరుకు అతను కట్టిన గుడి అనుకున్నది గుడి కాదు, తను బాధపడుతుందన్న భయమే. ఇది తెలిశాక మంచు విడిపోవాలి. డోరాకు అలా జరగలేదు. ముందుగా వచ్చింది ఇంకొక రకం మంట. తను నిద్రపోయాక తండ్రీకూతుళ్ళు గుసగుసగా మాట్లాడుకుని ఉంటారు. ఈమె ముందు ఇది అనొద్దు, అది అనొద్దు. ఆ ఒప్పందంలో ముగ్గురున్నారు, ఇద్దరు మాట్లాడేవాళ్ళు, మూడోది ఎవరి పేరు దాచారో ఆమె. ఆర్నెల్లుగా ఆ ముగ్గురూ చేతులు పట్టుకుని తన చుట్టూ నిలబడి ఉన్నారు, ఈ చెట్టు చుట్టూ నిలబడినట్టు. మధ్యలో తను, మానులాగా.

ఆ మంట వెనకాలే చాలా చిన్నదొకటి వచ్చింది. పదేళ్ళ పిల్ల తన తల్లి పేరు నాలుక మీదికి రాకుండా ఆర్నెల్లు దిగమింగుకుంది. ఆ దగ్గు అదేనేమో. పిలుపు కాదేమో, మింగడమేమో.

"చదువు షెకీనా," అంది డోరా. "పుస్తకంల ఎట్లుంటే అట్ల చదువు."

పిల్ల నమ్మలేనట్టు చూసింది. తర్వాత పుస్తకం పేరు నుంచి చదివింది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పెద్దదైంది, తోట అంతా వినిపించేలాగా, ఒకసారికి రెండుసార్లు అంది. రెండోసారి అనక్కర్లేదు. అనాలనిపించి అంది. ఆ రెండు దెబ్బలూ డోరా చెవుల్లో దిగాయి. మొదటిది వదిలేసింది. రెండోది మాత్రం పిల్ల కావాలనే కొట్టిందని గుర్తుపెట్టుకుంది. అసూయ అలాంటిది. క్షమించే పూట కూడా లెక్క మరవదు.

*

"రండి రండి, పెద్దాయన ఎదురుచూస్తున్నడు!" అని ఎరిక్ అందరినీ లేపాడు. నిశ్శబ్దం ఉంటే అతనికి ఊపిరాడదు.

మార్త సంచి జోలికి పోలేదు. "ఈసారి అయిదుగురం ఉన్నాంగా, చాలు," అంది, ఎవరినీ చూడకుండా. డోరా భుజం పట్టుకుని దేవానందం పక్కన నిలబెట్టింది. "నువ్వు ఇక్కడమ్మా."

ఇక్కడ. అంతే, తేలిపోయింది. ఇంత సులభంగా ఇచ్చేస్తారని డోరా అనుకోలేదు. కుడిచేతిని దేవానందం పట్టుకున్నాడు. అతని అరచెయ్యి తడిగా ఉంది. ఎడమచెయ్యి చాచి, చెంప చెట్టుకు ఆనించి, కనపడని వైపుకు వేళ్ళు పంపింది. బెరడు గరుకుగా, లోపల ఎక్కడో చల్లగా ఉంది. చీమ ఒకటి ముక్కు పక్క నుంచి పాకింది.

"దొరుకుతలేదు," అంది మాను అవతల నుంచి షెకీనా.

"డోరమ్మా, జెర సాగు!"

"ఇంకా సాగితే రెండు ముక్కలైత బావా."

"రెండు ముక్కలైతే మంచిదే, తమ్మీకొకటి, ఆఫీసుకొకటి!"

డోరా మునివేళ్ళ మీద లేచింది. చంకలో నరం పట్టేసింది. ఈ బెరడు మీదే, ఇంకో జానెడు పైన, సువార్త చెంప ఆని ఉంటుంది. పొడుగుమనిషి. ఆమె చేతులు ఊరికే చాస్తే అంది ఉంటాయి. అడక్కుండానే చోటు ఇచ్చారు. ఆ చోటు నింపడానికి మాత్రం తన చేతులు చాలడం లేదు. చున్నీ పెట్టుకుంటే చుట్టు తిరిగి వచ్చేది, తను నిలబడితే తెగిపోతోంది. ఇది ఎవరూ పైకి అనరు. ఎరిక్ ఇంకో జోకు వేస్తాడు. మార్త పోనీలే అంటుంది. అందరూ మర్యాదగా చేతులు వదిలేసి రొట్టె తింటారు. వచ్చే ఏడు ఈ ఆట మానేస్తారు. శుభవార్త అన్నట్టే, ఇంకేదో అంటారు.

అది ఆమెకు చున్నీ కంటే ఘోరంగా అనిపించింది.

"అక్కా," అంది, చెంప చెట్టు మీది నుంచి తియ్యకుండా. "సంచిల ఉంది గద. సువార్త చున్నీ. అది ఇటియ్యండి."

ఆ పేరు ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. చింతకాయ కొరికినట్టు పళ్ళు పులిశాయి. దేవానందం వేళ్ళు ఆమె వేళ్ళ మీద బిగిశాయి, వదులయ్యాయి, మళ్ళీ బిగిశాయి. అవి ఎవరి కోసం బిగిశాయో ఆమె ఊహించబోయి ఆగింది.

మార్త చేతులు వదిలి వెళ్ళి సంచి తెచ్చింది. చున్నీ మడత విప్పేటప్పుడు కలరా ఉండల వాసన. డోరా చేతిలో ఒక కొస పెట్టి, వెంటనే వదలలేదు.

"పాత బట్ట. మెల్లిగా."

"మెల్లిగనే."

రెండో కొస మాను అవతలికి పోయింది. మార్త తన చోటికి పోయి భర్త చెయ్యి పట్టుకుంది. ఎక్కడో షెకీనా వేళ్ళు బట్టను అందుకున్నాయి. సన్నటి నీలం గుడ్డ బెరడు మీద బిగిసింది. చుట్టు కలిసింది.

"హల్లెలూయా!" అని ఎరిక్ అరిచాడు. చిలకలు లేచిపోయాయి. మార్త కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యి వదిలింది. దేవానందం కూడా వదిలాడు. ఎరిక్ అప్పుడే డబుల్‌రొట్టె పొట్లం విప్పుతున్నాడు. "రాండ్రి, ఆకలైతుంది. విరిచేది ఎవరు?"

చున్నీ మాత్రం వదులు కాలేదు. అవతల నుంచి మెల్లగా లాగుతున్నారు. షెకీనా ఆటకు లాగుతోందో, తన తల్లిది తనకు కావాలని లాగుతోందో, మాను అడ్డం ఉండగా తెలిసే దారి లేదు. డోరా కొసను మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుంది. చిరగకుండా, జారకుండా, అంతే బలంతో పట్టుకుంది.

అవతల చిన్న దగ్గు వినిపించింది.

"మీరు వదులుతలేరేంది?" అంది షెకీనా.

"నువ్వు వదులుతలేవు గద."

బట్ట కొంచెం ఇటు వచ్చింది, కొంచెం అటు పోయింది.

"నేనైతే వదల," అంది పిల్ల.

"నేను సుత," అంది డోరా.

దుప్పటి మీద నుంచి ఎవరో ఇద్దరినీ పిలిచారు. ఇద్దరూ పలకలేదు.